కలువరాని రెండు కాలువలు

మూత్రము ఎర్రగా వచ్చినదని ఇంటిలో ఎవరైనను చెప్పినచో మన ఇండ్లలో మొదట వినవచ్చు మాట "వేడి చేసినది" అని. వెంటనే బార్లీ కాచుదురు, మజ్జిగ త్రాగింతురు, సబ్జాగింజలు నానవేయుదురు. రెండు దినములలో రంగు తేటపడినచో ఆ సంగతి అంతటితో మరచిపోవుదురు. ఇందు మనవారిని నిందింపవలసినది ఏమియు లేదు. ఎండలో తిరిగి నీరు తక్కువగా త్రాగినవారికి మూత్రము ముదురు రంగున వచ్చుట నిజమే. బీట్‌రూటు తిన్న మరునాడు కొందరికి ఎర్రగా వచ్చును. క్షయరోగమునకు వాడు రిఫాంపిసిన్ అను మందు మూత్రమునకు నారింజరంగు నిచ్చును. కాని నిజముగా రక్తమే పడుచున్నప్పుడు, అది ఒక్కసారి కనబడి మాయమైనను, దానికి ఒక కారణము ఉండి తీరవలెను. రాళ్లు, చీము, మూత్రాశయములో గడ్డలు, వయసు మళ్లిన పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరుగుట, ఇవి తరచుగా కనబడు కారణములు.

నేడు మేము చెప్పబోవునది అట్టి తరచు కారణము కాదు. మిక్కిలి అరుదైనది. మూత్రపిండమునుండి మూత్రమును క్రిందికి దింపు సన్నని నాళమునకును, కాలికి రక్తమును కొనిపోవు పెద్ద ధమనికిని నడుమ రంధ్రము పడి, రక్తము మూత్రమార్గములోనికి దూకుట ఈ వ్యాధి లక్షణము. ఇంత అరుదైన దానిని గురించి ఇంటింట వినిపించుట ఎందుకని శ్రోతలు అడుగవచ్చును. ఈ వ్యాధిని పట్టుకొనుటలో యంత్రములకన్న రోగి పూర్వచరిత్రయే ఎక్కువ ఉపకరించును. ఆ చరిత్ర అన్నివేళల ఆసుపత్రిలో దొరకదు. అది మీ ఇంటిలో, బీరువాలోని పాత కాగితములలో, ఇంటివారి జ్ఞాపకములో ఉండును. అందుచేత ఈ ప్రసంగము వైద్యులకెంత అవసరమో గృహస్థులకును అంతే అవసరము.

ముందుగా శరీరములోని ఆ చోటు ఎట్లుండునో చూతము. నడుమునకు ఇరువైపుల, వీపువైపున, రెండు మూత్రపిండములు కలవు. ఒక్కొక్క పిండమునుండి ఒక్కొక్క నాళము బయలుదేరి మూత్రాశయమును చేరును. దీనినే మూత్రనాళము అందుము. పొడవు 25 మొదలు 30 సెంటీమీటర్లు. లావు వరిగడ్డికన్న ఎక్కువ కాదు. ఇది ఊరక జారవిడుచు గొట్టము కాదు. దీని గోడలో కండపొర కలదు. అది నిమిషమునకు కొన్ని పర్యాయములు ముడుచుకొని, వానపాము ప్రాకినట్లు, మూత్రమును కొంచెము కొంచెముగా క్రిందికి నెట్టుచుండును.

ఇక రక్తమార్గము. గుండెనుండి వెన్నెముక ముందుగా దిగివచ్చు మహాధమని, ఇంచుమించు బొడ్డు మట్టమున రెండుగా చీలును. ఈ చీలికలను శ్రోణి ధమనులందురు. ఒక్కొక్క శ్రోణి ధమని కొంత దూరము పోయి మరల రెండగును. అందు ఒకటి తొడకు, కాలికి రక్తము కొనిపోవును. రెండవది కటిభాగములోని అవయవములను పోషించును. సరిగా ఈ రెండవ చీలిక దగ్గర, మూత్రనాళము ధమని మీదుగా దాటి లోనికి దిగును. ఇది ఏ ఒక్కరికో కాదు, మనకందరకును ఉన్న అమరికయే.

కోనసీమలో గన్నవరము అక్విడక్టును చూచినవారికి ఈ అమరికను వివరింప పనిలేదు. అచట క్రింద వైనతేయ గోదావరి ప్రవహించుచుండగా, దానిపై కట్టిన మార్గమున కాలువనీరు ఆవలి ఒడ్డునకు పోవుచుండును. ఒక నీటికి మరియొక నీటితో పొత్తులేదు. నడుమనున్న కట్టడము గట్టిగా నున్నంతకాలము దేనిదారి దానిదే. మన శరీరములోను అంతే. క్రింద ధమని కొట్టుకొనుచుండును. పైన మూత్రనాళము తన పని తాను చేసికొనుచుండును. ఆ రెంటి గోడలకు నడుమ మెత్తని క్రొవ్వు పొరయు, పలుచని పొరలును ఉండి, ఒకదాని అదటు మరియొకదానికి తగులకుండ కాపాడుచుండును. ఆరోగ్యవంతునకు ఈ చోట నూరేండ్లు గడచినను ఏ ప్రమాదమును రాదు.

మరి ఈ కట్టడము ఎప్పుడు కూలును? ఊరకే కూలదు. దాదాపు ప్రతి రోగియందును కొన్ని కారణములు ఒకటిమీద ఒకటి చేరినట్లు కనబడును. మొదటిది కటిభాగములో జరిగిన పెద్ద శస్త్రచికిత్స. గర్భాశయము, మూత్రాశయము, పెద్దప్రేగు చివరిభాగము మొదలగు చోట్ల కాన్సరు వచ్చినప్పుడు ఆ ప్రదేశమంతయు శుభ్రము చేయవలసి వచ్చును. అప్పుడు నడుమనున్న మెత్తని పొరలు పోయి, మూత్రనాళము ధమనికి అంటుకొనిపోవును. రెండవది కిరణచికిత్స. మన జనులు దీనిని "కరెంటు పెట్టించుట" అందురు. ఇది కాన్సరును చంపుటకు ఎంతయో ఉపకరించును. కాని కిరణములు తగిలిన చోట రక్తనాళముల గోడలను పోషించు సూక్ష్మనాళములు సన్నగిల్లును, కణజాలము బిరుసెక్కును. ఈ మార్పు కొందరిలో చికిత్స ముగిసిన అనేక సంవత్సరములకు గాని పైకి తేలదు. మూడవది ధమని జబ్బులు, వానికి చేసిన శస్త్రచికిత్సలు. ఉబ్బిన ధమనికి బదులుగా కుట్టిన కృత్రిమ నాళమును మూత్రనాళము ఒరసికొనుచున్నను ఇట్టి రంధ్రము పడవచ్చును.

నాల్గవది, నేటికాలమున మిక్కిలి ముఖ్యమైనది, మూత్రనాళములో ఉంచు స్టెంటు. ఇది సన్నని మెత్తని గొట్టము. నాళము ఇరుకై మూత్రము దిగనప్పుడు దీనిని లోపల నుంచుదురు. 1967లో జిమ్‌స్కిండ్, ఆయన సహచరులు మూత్రాశయమార్గమున సిలికోను గొట్టమును పెట్టు పద్ధతిని ప్రకటించిరి. కాని ఆ గొట్టము జారిపోవుచుండెడిది. 1978లో ఫిన్నీ అను వైద్యుడు రెండు కొనలను కొక్కెములవలె వంచిన గొట్టమును వివరించెను. ఒక కొన మూత్రపిండములో, రెండవ కొన మూత్రాశయములో చుట్టుకొని నిలుచును. నేడు ఆసుపత్రులలో "డబుల్ జే స్టెంటు" అని వినవచ్చునది ఇదియే. రాళ్లకు చికిత్స పొందిన ఎందరికో దీని పరిచయము ఉండి యుండును. కొద్ది వారములు ఉంచి తీసివేసినచో దీనివలన మేము చెప్పుచున్న ప్రమాదమునకు భయపడ పనిలేదు. కాని ఏండ్ల తరబడి స్టెంటుతోనే జీవింపవలసినవారు కలరు. వారిలో, కిరణములచే బలహీనమైన నాళపు గోడ నడుమ చిక్కి, లోపలినుండి స్టెంటును, వెలుపలినుండి ధమని కొట్టుకొనుటయు కలిసి రేయింబవళ్లు ఒరయుచుండును. ధమని నిమిషమునకు 70 పర్యాయములు కొట్టుకొనినచో దినమునకు లక్షకు పైగా దెబ్బలగును. రాతిపై త్రాడు రాపిడి ఎట్టిదో మన బావుల అంచులు చూచినవారికి తెలియును.

ఇట్లు రెండు మార్గముల నడుమ ఏర్పడు అసహజమైన దారిని వైద్యులు ఫిస్టులా అందురు. ఆసనము దగ్గర వచ్చు భగందరము మన వారందరును ఎరిగినదే. అదియు ఒక ఫిస్టులాయే. పేరు ఒక్కటియే గాని ప్రమాదమున వీనికి సాటిలేదు. భగందరము బాధించును. ఇది ప్రాణమునకే ముప్పు తెచ్చును.

ఈ వ్యాధి ఎట్లు బయటపడునో తెలియుటకు ఒక రోగిని ఊహించుకొందము. ఈమె ఏ ఒక్క వ్యక్తియు కాదు. ఇట్టి రోగుల చరిత్రలలో తరచుగా కనబడు అంశములను ఒకచోట చేర్చిన రూపము మాత్రమే. ఏబదియైదేండ్ల గృహిణి. పండ్రెండేండ్ల క్రిందట ఆమెకు గర్భాశయ ముఖద్వారమున కాన్సరు వచ్చినది. శస్త్రచికిత్స చేసిరి, కరెంటు పెట్టిరి. వ్యాధి నయమైనది. కొన్నియేండ్లకు ఎడమవైపు మూత్రనాళము బిరుసెక్కి ఇరుకైనది. స్టెంటు పెట్టిరి. కొన్ని నెలలకొక పర్యాయము దానిని మార్చుకొనుచు ఆమె ఇంటిపనులు చేసికొనుచునే యున్నది. ఒకనాడు ఉదయమున మూత్రము ఎర్రగా వచ్చినది. స్టెంటు ఉన్నవారికి కొంచెము రంగు మారుట మామూలే యని ఊరకుండిరి. అది ఆగినది. పది దినములకు మరల వచ్చినది. ఈసారి గడ్డలు పడినవి, నడుములో నొప్పి వచ్చినది. ఆసుపత్రిలో పరీక్షించునప్పటికి మరల ఆగిపోయినది. స్కాన్‌లో ఏమియు తేలలేదు. చీము కారణమై యుండునని మందులిచ్చి పంపిరి. మూడవసారి, స్టెంటు మార్చుటకై పాతదానిని లాగినప్పుడు, రక్తము ధారగా వచ్చినది.

ఈ కథలో గమనింపవలసినది రక్తము వచ్చుట కాదు. అది ఆగుట. ధమనిలో రక్తపు ఒత్తిడి ఎక్కువ, మూత్రనాళములో మిక్కిలి తక్కువ. అట్లయినచో రంధ్రము పడినంతనే ఆగకుండ కారవలెను గదా! కారకపోవుటకు కారణములు కలవు. రంధ్రము మొదట సూదిబెజ్జమంత ఉండును. దానిలో రక్తపుగడ్డ బిరడావలె నిలుచును. లోపలనున్న స్టెంటు కూడ దానికి అడ్డుపడి కొంతవరకు మూసి యుంచును. రక్తము పోయినకొలది ఒత్తిడి తగ్గి, కారుట ఆగును. రోగికి ప్రాణము కుదుటబడి, ఒత్తిడి పెరిగినప్పుడు బిరడా ఊడును. చెరువుకట్టకు గండిపడునప్పుడు మొదట చెమ్మ కనబడి మరల ఆరినట్లుండును. దానిని చూచి నీరుకట్టువాడు నిశ్చింతగా నిద్రించినచో తెల్లవారునప్పటికి కట్ట ఉండదు. కావున ఇట్టి రోగియందు రక్తము ఆగినది గదా యని ఊరడిల్లుటకు వీలులేదు. ఆ ఆగిన వ్యవధియే చికిత్సకు మనకు దొరకిన అవకాశము.

ఈ వ్యాధి వైద్యశాస్త్రమునకు క్రొత్తది కాదు. 1908లో న్యూయార్కు శస్త్రవైద్యుడు మోష్కొవిట్జ్ దీనిని వైద్యపత్రికలో వర్ణించెను. ఆయన రోగికి రెండువైపుల మూత్రనాళములనుండి రాళ్లు తీయబడినవి. పిమ్మట రక్తస్రావము కాగా, దానిని ఆపుటకు కాళ్లకు పోవు శ్రోణి ధమనులను రెండింటిని ఒకేసారి కట్టివేయవలసి వచ్చినది. అటుపిమ్మట దీర్ఘకాలము ఇది గ్రంథములలోని వింతగానే ఉండెను. 2009లో ప్రకటితమైన ఒక సమీక్షలో ప్రపంచ వైద్యపత్రికలనుండి సేకరించిన 139 మంది చరిత్రలు పరిశీలింపబడినవి. నూరేండ్లలో ఇంతమందియే! కాని ఇటీవలి దశాబ్దములలో ఈ సంఖ్య పెరుగుచున్నది. అందుకు కారణము విచారకరము కాదు. కాన్సరుకు చికిత్స పొంది అనేక సంవత్సరములు జీవించువారు పెరిగిరి. స్టెంటులతో కాలము గడుపువారు పెరిగిరి. ఒక రోగమును జయించినచోట, ఆ జయమునకు చెల్లింపవలసిన వెలగా అరుదుగా ఈ రెండవ చిక్కు వచ్చుచున్నది.

ఇక రోగనిర్ణయము. దీనికి మొదటి సాధనము అనుమానము. కటిభాగమున శస్త్రచికిత్స, కిరణచికిత్స, నిలిచియున్న స్టెంటు, ఆగి ఆగి వచ్చు రక్తము, ఈ నాలుగు ఒకచోట చేరినచో, మరియొక కారణము రుజువగువరకు ఈ వ్యాధియే యని భావింపవలెను. అనుమానింపని వైద్యునకు ఎంత మంచి యంత్రమున్నను ఇది కనబడదు.

రెండవది మూత్రాశయములోనికి దీపపుగొట్టము పంపి చూచుట. 1879లో నిట్జె అను జర్మను వైద్యుడు వియన్నాలో ప్రదర్శించిన సాధనమునుండి ఈ విద్య పెరిగినది. రక్తము మూత్రాశయమునుండియే వచ్చుచున్నదా, లేక పైనుండి దిగుచున్నదా, దిగినచో ఏ వైపునుండి, అని దీనివలన తెలియును. ఒకవైపు ద్వారమునుండి నాడి కొట్టుకొన్నట్లు ఎర్రని రక్తము చిమ్ముచుండుట కనబడినచో ఇక సందేహమునకు తావులేదు. కాని పరీక్షా సమయమునకు రక్తము ఆగియుండుటయే తరచు. మూత్రాశయము తీసివేసి ప్రేగుముక్కతో పొట్టపైకి మార్గమేర్పరచినవారిలో, రక్తము పొట్టకు తగిలించిన సంచిలో కనబడును.

మూడవది సీటీ స్కాన్. 1971లో లండనులో హౌన్స్‌ఫీల్డు కల్పించిన యంత్రముతో తొలి రోగిని చిత్రించినప్పటినుండి ఈ విద్య శరీరమును పొరలు పొరలుగా చూపగలుగుచున్నది. ధమనిలోనికి వ్యాపించు రంగుమందును సిరలోనికెక్కించి చిత్రములు తీసినప్పుడు, ధమని గోడ ఒకచోట బుడగవలె ఉబ్బియుండుట, మూత్రనాళము దానికి అంటియుండుట, నాళములో రక్తపుగడ్డలుండుట తెలియవచ్చును. మూత్రపిండము వాచియుండుటయు తెలియును. కాని రంధ్రము బిరడాపడి యున్నచో ఆ క్షణమున రంగుమందు అందులోనికి పోదు. చిత్రము శుభ్రముగా కనబడును. మనము ఊహించిన గృహిణి విషయమున జరిగినది ఇదియే. స్కాన్‌లో లేదనుట వేరు, రోగము లేదనుట వేరు.

నాల్గవది ధమనిలోనికే సన్నని గొట్టమును పంపి అచటనే రంగుమందు చిమ్మి చిత్రములు తీయుట. దీనిని యాంజియోగ్రఫీ అందురు. 1953లో స్వీడను దేశీయుడు సెల్డింగరు, కోతలేకుండ సూదిద్వారమున తీగెను, ఆ తీగె మీదుగా గొట్టమును ధమనిలోనికి పంపు సులువైన మార్గము చూపెను. నేటికిని అదే మార్గము. గజ్జలోని ధమనినుండి గొట్టము ప్రవేశపెట్టి, అనుమానమున్న శ్రోణి ధమనిలో మందు చిమ్మి, ముందునుండియు, ఏటవాలుగాను చిత్రములు తీయుదురు. ఇదియు ఒక్కొక్కసారి రంధ్రమును చూపజాలదు. కారణము మొదట చెప్పినదే, గడ్డయు, స్టెంటును అడ్డుపడుట.

అప్పుడు వైద్యులు ఒక సాహసము చేయవలసి వచ్చును. ధమనిలో గొట్టమును సిద్ధముగా ఉంచుకొని, మూత్రనాళములోని స్టెంటును సన్నని తీగెమీదుగా మెల్లగా వెనుకకు లాగుదురు. అడ్డు తొలగినంతనే రంధ్రము తెరచుకొని రంగుమందు మూత్రనాళములోనికి పారుట తెరపై కనబడును. రోగనిర్ణయము ఆ క్షణమున జరుగును. కాని రక్తస్రావము కూడ ఆ క్షణముననే మొదలగును. అందుచేత దీనిని స్టెంటు మార్చు మామూలు గదిలో చేయరాదు. ధమనిని లోపలినుండి మూయగల చిన్న బెలూను చేతిలో నుండవలెను. సరిపోల్చిన రక్తము సిద్ధముగా నుండవలెను. మూత్రవ్యాధుల వైద్యుడు, రక్తనాళముల వైద్యుడు, ఎక్స్‌రే చికిత్సకుడు, మత్తువైద్యుడు నలుగురును ఒకే గదిలో నిలిచియుండవలెను. శత్రువును కోటలోనుండి బయటికి రప్పించువాడు ముందుగా ద్వారముకడ తనవారిని నిలుపుకొనవలెను గదా!

ఒక్కొక్కప్పుడు ఇంత చేసినను రంధ్రము కనబడదు. అట్టిచో ఏమి చేయవలెను? రోగి చరిత్ర అంతయు ఈ వ్యాధినే సూచించుచు, రక్తస్రావము ప్రాణాపాయముగా నున్నచో, చిత్రములో కనబడలేదను కారణముచే చికిత్స మానరాదని అనుభవజ్ఞుల మతము. ఇది వైద్యుని వివేకమునకు పరీక్ష. చరిత్ర ఎంత స్పష్టముగా తెలిసినచో ఈ నిర్ణయము అంత ధైర్యముగా చేయవచ్చును.

ఇప్పుడు చికిత్స. పూర్వము దీనికి పొట్ట కోయుటయే మార్గము. కిరణములచేతను, పాత శస్త్రచికిత్సచేతను అంటుకుపోయిన చోట, రక్తము ఉబుకుచుండగా, ధమనిని వెదకి పట్టుకొనవలెను. పట్టుకొన్న పిమ్మట దానిని కుట్టుటయో, కట్టివేయుటయో చేయవలెను. కట్టివేసినచో కాలికి రక్తము పోదు. అందుచే మరియొక గజ్జనుండి ఈ గజ్జకు చర్మము క్రిందుగా కృత్రిమ నాళము కుట్టి కాలిని బ్రతికింపవలెను. కొందరిలో ఆ వైపు మూత్రపిండమునే తీసివేయవలసి వచ్చెడిది. ఇంత భారమును, రక్తము పోయి నీరసించిన రోగి తాళుట కష్టము. మరణములు ఎక్కువగా నుండెడివి.

1990లో అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఐరిస్‌లో పరోడి అను శస్త్రవైద్యుడు, ఉబ్బిన మహాధమనిని పొట్ట పెద్దగా కోయకుండ, గజ్జనుండి పంపిన తొడుగుతో లోపలినుండియే బాగుచేసెను. ఆ దశాబ్దములోనే ఈ ఉపాయమును మేము చెప్పుచున్న వ్యాధికిని వర్తింపజేసిరి. సన్నని పొర తొడిగిన లోహపు జల్లెడగొట్టమును ముడిచి, గజ్జనుండి ధమనిలోనికి పంపి, రంధ్రము ఎదుట విప్పుదురు. అది ధమని గోడకు లోపలినుండి అంటుకొని రంధ్రమును మూయును. రక్తము దాని నడుమగా కాలికి పోవుచునే యుండును. దీనికిని స్టెంటు అనియే పేరు. కాని ఇది ధమనిలోనిది, మొదట చెప్పినది మూత్రనాళములోనిది. పేరొక్కటి, పని వేరు. ఇంటివారు వైద్యునితో మాటలాడునప్పుడు ఏది ఏదియో అడిగి తెలిసికొనుట మంచిది.

రంధ్రము ధమని చీలికకు దగ్గరగా నున్నచో కటిభాగమునకు పోవు శాఖను ముందుగా సన్నని లోహపుచుట్టలతో మూసివేయుదురు. లేనిచో ఆ శాఖలోనికి అవతలివైపునుండి వెనుకకు వచ్చు రక్తము మరల రంధ్రమును చేరును. మూత్రనాళము సంగతియు మరువరాదు. ఒరసిన స్టెంటును అచటనే ఉంచినచో రాపిడి మరల మొదలగును. అందుచే వీలైనచో దానిని తీసివేసి, వీపువైపునుండి మూత్రపిండములోనికి చిన్న గొట్టము పెట్టి మూత్రమును బయటి సంచిలోనికి మరలింతురు. కాలువకు మరమ్మతు చేయునప్పుడు నీటిని వేరుదారి పట్టించినట్లే ఇది.

ఈ చికిత్స పొట్ట కోతకన్న ఎంతయో తేలిక. రక్తము వెంటనే ఆగును. రోగి త్వరగా కోలుకొనును. అట్లని దీనికి లోపములు లేవనరాదు. మూత్రములో సూక్ష్మక్రిములుండుట సాధారణము. ఆ మూత్రము తగులు చోటనే మనము పరాయి వస్తువును నిలుపుచున్నాము. అది చీముపట్టవచ్చును. తొడుగులో రక్తము గడ్డకట్టి కాలు చల్లబడవచ్చును. రక్తస్రావము మరల రావచ్చును. అందుచే క్రిమినాశక మందులు, రక్తము గడ్డకట్టకుండ చేయు మందులు, క్రమము తప్పని పరీక్షలు అవసరము. చీముగడ్డ యున్నచోట, ప్రేగుకు కూడ రంధ్రము పడినచోట నేటికిని పొట్ట కోయుటయే మేలు. ఏ రోగికి ఏది తగునో నిర్ణయించుట ఒక్కని పని కాదు, నలుగురు వైద్యులు కూడి చేయవలసిన ఆలోచన.

ఇంతవరకు వైద్యుల సంగతి చెప్పితిమి. ఇక ఇంటివారు చేయదగినది ఏమి? మొదటిది కాగితములను భద్రపరచుట. భూమి పట్టాలను దాచినంత జాగ్రత్తగా ఆసుపత్రి కాగితములను దాచవలెను. ఏ సంవత్సరమున ఏ శస్త్రచికిత్స జరిగినది, కరెంటు ఏ భాగమునకు పెట్టిరి, స్టెంటు ఏ వైపున నున్నది, ఎప్పుడు పెట్టిరి, ఎప్పుడు మార్చిరి, ఈ నాలుగైదు సంగతులు ఒక కాగితముపై వ్రాసి ఉంచినచో, అర్ధరాత్రి క్రొత్త ఆసుపత్రికి పోయినప్పుడు ఆ కాగితమే రోగి ప్రాణమును కాపాడవచ్చును. పెద్దవారు తమ పాత కాన్సరు సంగతిని సిగ్గుచేతనో, భయముచేతనో పిల్లలకు చెప్పరు. పిల్లలకు తెలియనిది వైద్యునకు తెలియదు. ఈ మౌనము మంచిది కాదు.

రెండవది, స్టెంటు గడువు. దీర్ఘకాలము ఉంచవలసిన స్టెంటును సాధారణముగా 3 నుండి 6 నెలలకొక పర్యాయము మార్చుదురు. నొప్పి లేదు గదా యని మరచిపోవుట మన దేశమున అరుదు కాదు. మరచిన స్టెంటుకు రాళ్లు పట్టును, విరుగును, చీము చేర్చును. పంచాంగములో పండుగను గుర్తించునట్లు గడువు దినమును గోడకేలెండరుపై గుర్తింపుడు.

మూడవది, రక్తమును గురించిన వివేకము. మూత్రనాళములో స్టెంటు ఉన్నవారికి ఎక్కువదూరము నడచినప్పుడు, బరువులెత్తినప్పుడు మూత్రము కొంచెము గులాబిరంగున వచ్చి, నీరు త్రాగి విశ్రమించినంతనే తేటపడుట తరచు. దానికి బెదరనక్కరలేదు. తరువాతి పరీక్షలో వైద్యునకు చెప్పినచో చాలును. కాని చిక్కని ఎర్రని రక్తము, గడ్డలు, మూత్రము బిగియుట, కన్నులు తిరుగుట, చెమటలు పట్టుట, వీనిలో ఏది కనబడినను ఆలస్యము చేయరాదు. రక్తము బ్యాంకు, స్కాను, శస్త్రచికిత్స సదుపాయములున్న పెద్ద ఆసుపత్రికే నేరుగా పోవలెను. దారిలో ఆగినను తిరిగి రారాదు. రక్తము పలుచబడుటకు మాత్రలు వాడుచున్నచో ఆ సంగతి మొదటనే చెప్పవలెను. వానిని తమంతట తాము మానుటయు తగదు. స్టెంటు మార్చునప్పుడు ఎన్నడైనను రక్తము అధికముగా వచ్చియున్నచో, మరుసటిసారి మార్చుటకు ముందు ఆ మాట తప్పక చెప్పవలెను.

మేము చెప్పిన వ్యాధి ఈ ప్రసంగము వినుచున్నవారిలో ఏ ఒక్కరికిని రాకపోవచ్చును. రాకూడదనియే మా కోరిక. అయినను మీ ఇంటిలోనో, పొరుగింటిలోనో, ఒకప్పుడు పెద్ద రోగమును గెలిచి నేడు స్టెంటుతో తిరుగుచున్న అమ్మయో, పెదనాన్నయో ఉండవచ్చును. వారు ఎప్పుడైనను "నిన్న కొంచెము ఎర్రగా వచ్చినది, నేడు లేదు" అని అన్నచో, బార్లీ నీళ్లు ఇచ్చి ఊరకుండక, ఆ పాత కాగితములు చేతబట్టుకొని వారిని వెంటబెట్టుకొని పొండు. రంధ్రమును మూయు విద్య నేడు వైద్యునికి తెలియును. అది ఎక్కడ వెదకవలెనో చెప్పగలవారు మాత్రము మీరే.